ఇసుకలో దిద్దిన సినిమా



మా తాతగారు వీథిబడిలో ఓనమాలు దిద్దినది పలకమీద కాదు, ఇసుకలో. వేలితో దిద్దడం, అరచేత్తో చెరపడం, మళ్ళీ దిద్దడం. "ఇసుకలో రాత నిలవదు, కాబట్టి బుర్రలో నిలవాలిరా" అనేవారాయన. 1919లో మాస్కో నగరంలో వెలసిన ఒక సినిమా బడి చరిత్ర చదువుతున్నంతసేపూ ఆ ఇసుకే నా కళ్ళముందు మెదిలింది. ఫిల్ము లేకుండా సినిమా నేర్చుకున్న విద్యార్థుల కథ అది. తెలుగు పంతులుకు ఆ ఊసెందుకని అడిగేవారికి చివర సమాధానం చెప్పుకుంటాను.

ముందు ఆ కాలపు పరిస్థితి చెప్పాలి. 1917 విప్లవం వెంటనే రష్యాలో అంతర్యుద్ధం చెలరేగింది. సినిమా వ్యాపారులలో చాలామంది కెమెరాలూ ఫిల్మూ మూటగట్టుకొని మొదట దక్షిణానికి, అక్కణ్ణుంచి విదేశాలకు తరలిపోయారు. ముడి ఫిల్ము విదేశాలనుంచి రావలసిన వస్తువు. యుద్ధం, దిగ్బంధం కారణంగా ఆ రాకడ నిలిచిపోయింది. 1919 ఆగస్టు 27న లెనిన్ సినీ పరిశ్రమను జాతీయం చేస్తూ ఉత్తర్వుపై సంతకం చేశాడు. తీయడానికి ఫిల్ము లేని ఆ రోజుల్లోనే, కొద్దిదినాల తేడాతో, వ్లదీమిర్ గార్దిన్ అనే దర్శకుని ఆధ్వర్యంలో ప్రభుత్వ సినిమా పాఠశాల మొదలైంది.

అప్పటిదాకా సినిమా నేర్వాలంటే ఏదో ఒక స్టూడియోలో చేరి చూసి నేర్చుకోవలసిందే. మన రఘుపతి వెంకయ్యనాయుడుగారు తమ కుమారుడు ప్రకాశ్‌ను లండన్ పంపితే, ఆయన అక్కడొక స్టూడియోలోనే ఆ విద్య గడించి వచ్చి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. సినిమాకొక బడి, పాఠ్యక్రమం, పరీక్ష ఉండవచ్చునన్న ఊహే ఆనాటికి కొత్తది.

ఆ బడిలోకి వచ్చిన ఉపాధ్యాయుడు లెవ్ కులెషోవ్. 1899లో పుట్టినవాడు, అంటే మీసాలు సరిగా రాని కుర్రవాడు. అప్పటికే యెవ్గేనీ బావర్ అనే ప్రసిద్ధ దర్శకునివద్ద రంగాలంకరణ చేసి, 1918లో సొంతంగా ఒక చిత్రం కూడా తీసి ఉన్నాడు. అతడు గురువైన తీరు చూడండి. పరీక్షలో తప్పిన కొందరు విద్యార్థులను చేరదీసి, చిన్నచిన్న నాటికలు అభ్యాసం చేయించి మళ్ళీ పరీక్షకు నిలబెట్టాడు. వాళ్ళు మెప్పు పొంది గట్టెక్కారు. అతని బృందానికి పునాది అలా పడింది. ముప్పయ్యేళ్ళకు పైగా పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి గనుక, ఈ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

శిష్యులందరూ గురువుకంటె చిన్నవారు కారు. వ్సెవొలోద్ పుదోవ్‌కిన్ అతనికంటె సుమారు ఆరేళ్ళు పెద్ద. మాస్కో విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయనశాస్త్రాలు చదువుతూ మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళి, జర్మనులకు బందీగా చిక్కి, 1918లో తిరిగివచ్చాడు. అమెరికా దర్శకుడు గ్రిఫిత్ తీసిన 'ఇన్‌టాలరెన్స్' చూశాక రసాయనశాస్త్రానికి స్వస్తి చెప్పి 1920లో ఈ బడిలో చేరాడు. ముష్టియుద్ధం తెలిసిన బొరిస్ బార్నెట్ మరొక శిష్యుడు. అలెగ్జాండ్రా ఖొఖ్లోవా సుప్రసిద్ధ చిత్రకళా సంగ్రాహకుడు త్రెత్యాకోవ్ మనుమరాలు. తరువాత కులెషోవ్‌కు జీవన సహచరి అయింది.

ఆ ఏళ్ళలో మాస్కోలో రొట్టె రేషనుమీద దొరికేది. కట్టెలకు కరవు, చలికి అంతు లేదు. అర్ధాకలితో ఉన్న ఆ పిల్లలు అక్కడ చేసినది కఠోరమైన అంగసాధన. మల్లవిద్యలవంటి విన్యాసాలు, ముష్టిపోట్లు, వేలికొస మొదలు కనుబొమ దాకా ఒక్కొక్క అవయవాన్నీ విడివిడిగా కదపడం నేర్చుకున్నారు. నటుడు భావాన్ని లోపల అనుభవిస్తే చాలదనీ, అది కదలికలో స్పష్టంగా, కొలతప్రకారం కనిపించాలనీ కులెషోవ్ మతం. మన కూచిపూడి గురువులు పిల్లలచేత చేయించే సాధకం నాకిక్కడ గుర్తుకు వచ్చింది.

మరి కెమెరాలోకి ఫిల్ము ఎక్కడిది? లేదు. అందువల్ల వాళ్ళు 'ఫిల్ము లేని చిత్రాలు' ప్రదర్శించారు. కథను ముందుగా షాట్లుగా విడగొట్టి రాసుకునేవారు. ఒక్కొక్క షాట్‌నూ రంగస్థలంమీద ఒక్కొక్క చిన్న ఘట్టంగా నటించేవారు. షాట్ మారడానికి గుర్తుగా తెర మూసి తెరవడం, దీపం ఆర్పి వెలిగించడం. చూసేవాడికి నాటకంలా కాక, తునకలు తునకలుగా కత్తిరించి అతికిన సినిమాలా కనిపించాలని వారి తాపత్రయం. ఇసుకలో దిద్దడమంటే ఇదే కదా!

పాత చిత్రాల తునకలను కూడా వదిలిపెట్టలేదు. విప్లవానికి పూర్వం రష్యాలో వెలిగిన నటుడు మొజ్జూఖిన్ ముఖం, ఏ భావమూ ప్రకటించని ఒకే ఒక్క షాట్, ఎక్కడో దొరికింది. దానిపక్కన ఒకసారి సూప్ పళ్ళెం, ఒకసారి శవపేటికలో స్త్రీ, ఒకసారి ఆడుకుంటున్న పసిపాప. చూసినవారు అతని దీర్ఘాలోచననూ, దుఃఖాన్నీ, సంతోషాన్నీ ఎంతో మెచ్చుకున్నారట. ముఖం మాత్రం అదే! ఇది పుదోవ్‌కిన్ చెప్పిన కథనం. పక్కన పెట్టిన చిత్రాలేవన్న విషయంలో కథనాలు కలవవు, ఆ ఫిల్ము నేడు లేదు. అయినా 'కులెషోవ్ ప్రభావం' అన్న పేరుతో ప్రపంచమంతా చెప్పుకునేది దీన్నే.

భాషాప్రవీణ చదివినవారికి ఇందులో ఆశ్చర్యం తక్కువ. వాక్యార్థం కలగడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మన శాస్త్రాలు చెప్పాయి. 'చేయి' అనే మాటకు ఒంటరిగా అర్థం తేలదు. 'నా చేయి' అంటే ఒకటి, 'పని చేయి' అంటే మరొకటి. పక్కనున్న పదమే నిర్ణయిస్తుంది. కులెషోవ్ శిష్యులు చలికి వణుకుతూ కనిపెట్టినది చిత్రాలకు వర్తించే ఈ సన్నిధి సూత్రమేనని నాకు తోస్తుంది.

1921 ప్రాంతంలో కొద్దిపాటి ఫిల్ము చేతికి వచ్చినప్పుడు మరికొన్ని ప్రయోగాలు చేశారు. ఖొఖ్లోవా ఒక వీథిలో, మరో శిష్యుడు ఒబొలెన్‌స్కీ ఇంకొక వీథిలో నడుస్తారు. వేరొకచోట గొగోల్ విగ్రహం దగ్గర కలిసి చేతులు కలుపుతారు. అక్కణ్ణుంచి వారు చూసేది ఏదో అమెరికా చిత్రంనుంచి కత్తిరించిన వాషింగ్టన్ శ్వేతసౌధం! మాస్కోలో నిలబడి అమెరికాను చూడడమన్నమాట. లేని ఊరిని కత్తెరతో కట్టారు. 1990లలో ఈ ప్రయోగాలలోని కొన్ని తునకలు బయటపడి, ఇదంతా వట్టి గురుభక్తి పురాణం కాదని రుజువు చేశాయి.

ఫలితం 1924లో కనబడింది. 'బోల్షివిక్కుల దేశంలో మిస్టర్ వెస్ట్ అసాధారణ సాహసాలు' అనే హాస్యచిత్రంలో ఆ శిష్యులే నటులు. పుదోవ్‌కిన్ మోసగాడు, బార్నెట్ కౌబాయ్. తరువాత పుదోవ్‌కిన్ 1926లో 'అమ్మ' తీసి జగత్ప్రసిద్ధుడయ్యాడు. 1951లో మన దేశానికీ వచ్చాడు. ఐసెన్‌స్టీన్‌ కూడా కొన్ని నెలలపాటు కులెషోవ్‌వద్ద పాఠాలు విన్నవాడే. శిష్యులు గురువును మించిపోయారు. గురువును మాత్రం 1930లలో రూపవాది అంటూ విమర్శకులు చీల్చి చెండాడారు. ఆయన పాఠం మానలేదు. 1944లో ఆ విద్యాలయానికే అధిపతి అయ్యాడు. 1970లో కన్నుమూశాడు.

పేదరికం గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఫిల్ము దొరికిన నాడు వాళ్ళు ఎగిరి గంతేసి సినిమాలే తీశారుగాని, తెర మూసి తెరిచే ఆట ఆడుతూ కూర్చోలేదు. లేమిని ఎవరూ కోరుకోకూడదు. కాని అది ఉన్ననాడు పాఠం ఆపకూడదు. నాకు తగిలిన మాట ఇదే.

ఇక సమాధానం. నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో ఒక ఏడు తొమ్మిదో తరగతి తెలుగు వాచకాలు దసరా దాటినా రాలేదు. నేను తరగతిలోకి వెళ్ళి, "పుస్తకాలు రానివ్వండి, చూద్దాం" అని కుర్చీలో కూర్చునేవాణ్ణి. పిల్లలు గుసగుసలాడుకునేవారు. ఒకనాడు మూడో బెంచీలోని కుర్రవాడు లేచి, "పుస్తకం లేకపోతే పద్యం చెప్పకూడదా మేష్టారూ?" అన్నాడు. వెటకారమనుకొని పీరియడంతా నిలబెట్టాను. నాకప్పటికి కొన్ని వందల పద్యాలు కంఠస్థం. పోతన, తిక్కన, వేమన అందరూ నోటిలోనే ఉన్నారు. ఇసుక కూడా అక్కరలేదు.

ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఇరవై ఏళ్ళ కులెషోవ్ అయితే వాణ్ణి నిలబెట్టి ఉండేవాడు కాడు, దగ్గరికి పిలిచి ఉండేవాడు.

చెప్పవచ్చు నాయనా. ఆనాడే చెప్పవలసింది.