ఫోటో వ్యాఖ్యల పోటీ – ఒక పాత బాకీ



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర నాకు రాదు. ఈ మధ్య గ్యాసు బండ వచ్చినా, మందుల పార్సిలు వచ్చినా "మా సేవ ఎలా ఉంది? ఎన్ని నక్షత్రాలు వేస్తారు?" అని కంపెనీవారు ఫోనులో అడుగుతున్నారు. ఇది కొత్తగా పుట్టిన విద్య అని మా మనవడి నమ్మకం. కొనేవాణ్ణి పలకరించి తమవాణ్ణి చేసుకోవడం మన చిన్నతనంలోనే ఉంది. మా ఇంటికి దాన్ని తెచ్చింది చందమామ.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ఆ పత్రిక ప్రారంభించారు. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావుగారు దాని బరువు మోశారు. కథల సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది ఫోటో వ్యాఖ్యల పోటీ గురించి. రెండు ఫోటోలు వేసేవారు. ఒక్కొక్కదానికి రెండు మూడు మాటల్లో వ్యాఖ్య రాయాలి, రెంటికీ పొత్తు కుదరాలి. కార్డు మీద రాసి వడపళనికి పంపితే, నచ్చిన జంటకు పది రూపాయల బహుమతి, పంపినవారి పేరూ ఊరూ అచ్చులో! గెలిచినవాడే కాదు, గెలవనివాడు కూడా తరవాతి సంచికలు కొని చూసుకోవలసిందే. వ్యాపారమే, కాదనను. కాని పిల్లవాడి కార్డును పెద్దవాళ్ళు కూర్చుని చదివే వ్యాపారం.

మాది కొవ్వూరు తాలూకాలో పల్లెటూరు. (2022లో జిల్లాలు మార్చాక కొవ్వూరు తూర్పుగోదావరిలోకి వచ్చింది లెండి, అప్పుడు పశ్చిమమే.) మా అక్కయ్యను ఐదో తరగతితో బడి మాన్పించారు. రోలు దగ్గర పప్పు రుబ్బుతూ వ్యాఖ్యలు చెప్పేది ఆమె. దస్తూరీ బాగుంటుందని కార్డు రాసేది నేను. ఆడపిల్ల పేరు పత్రికలో ఎందుకని నాన్నగారన్నారు, కింద నా పేరే వేసుకున్నాను. 1963లో ఒక జంట ఎంపికైంది. పోస్టుమాన్ మనియార్డరు తెచ్చి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. మేష్టారు క్లాసులో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. అక్కయ్య తలుపు చాటున నిలబడి నవ్వింది. నేను నోరు విప్పలేదు.

2007లో బొంబాయికి చెందిన జియోడెసిక్ కంపెనీ చందమామను కొన్నది. పాత సంచికలు వెబ్‌సైటులో పెట్టారు. పాఠకుల జ్ఞాపకాలు కూడా అందులో వేశారు. కార్డుకు బదులు ఈమెయిలు, అంతే తేడా. 2009లో నేను రిటైరైనాక మా అబ్బాయి ఆ పేజీ వెదికి తీశాడు. ప్రింటు తీయించి రాజమండ్రిలో అక్కయ్యకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని "నీ పేరు ఎంత చక్కగా పడిందిరా తమ్ముడూ!" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు కష్టమైంది.

అసలు సంగతి ఆ జ్ఞాపకాల శీర్షికకే రాద్దామని కాగితం తీశాను. ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ ఫైళ్ళు కదిపినవాణ్ణి, నా ఫైలు మాత్రం రేపు మాపు అంటూ పెండింగులో పెట్టాను. 2013లో పత్రిక ఆగిపోయింది, ఆ తరవాత వెబ్‌సైటూ మూతపడింది. అభిమానులు దాచిపెట్టబట్టి పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. కంపెనీ వేసిన పందిరి పోయినా దాని కింద చేరినవాళ్ళు సామాను కాపాడారన్నమాట.

బావగారి తరఫున ఫ్యామిలీ పెన్షనరు గనుక మన సంచిక అక్కయ్యకూ వెళుతుంది. కాబట్టి ఇక్కడే రాస్తున్నాను: 1963లో అచ్చయిన ఆ రెండు వ్యాఖ్యలూ మా అక్కయ్యవి. అక్షరాలు మాత్రమే నావి. ఆ పది రూపాయల లెక్క ఆమె ఇంతవరకూ అడగలేదు. అడిగితే వడ్డీతో సహా తేల్చడానికి సిద్ధంగా ఉన్నాను.