రుబ్బురోలు కాడ రామారావు

ఇంకొంచెం దగ్గరికి జరగండి. మొగిలి కనుమ దిగి చిత్తూరికి పోతే చలి అంతగా తెలీదు. ఈ గట్టు మీద మన పలమనేరులో ధనుర్మాసమొస్తే దుప్పటి కప్పుకున్నా వణుకే. అబ్బోడా, ఆ చింతమొద్దు కొంచెం లోపలికి తొయ్యి. గెనుసుగడ్డలు బూడిదలోనే ఉండనీ, ఇంకా ఉడకలా.

ఇందాక పాప సెల్లులో ఏదో చూసి పడీపడీ నవ్వుతా ఉంటే నేనూ తొంగిచూసినా. చూస్తే గుండమ్మ కథ! 1962లో వచ్చిన సినిమా. దాన్ని చూసి ఈ కాలం పిల్ల కడుపు పట్టుకొని నవ్వుతా ఉంటే నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. ఆ సినిమాకు పోయిన రాత్రి మా అవ్వ మొగం ఎన్ని రంగులు మారిందో మీకు చెప్పాల.

మా అవ్వకు సినిమా అంటే దేవుడి సినిమానే. అంతకు ముందు శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం వచ్చింది. పుల్లయ్య తీసింది, 1960లో. రామారావు వెంకటేశ్వర సామి, సావిత్రి పద్మావతమ్మ, శాంతకుమారి వకుళమ్మ. ఆ రోజుల్లో కొత్త సినిమాలన్నీ ముందు పెద్ద ఊర్లలో ఆడి ఆడి, రీళ్ళు గీతలు పడినాక మన టెంటుకొచ్చేవి. అది వచ్చిన రోజు అవ్వ ఒక్కపొద్దుండింది. తలకు పోసుకొని, టెంకాయ, కర్పూరం గంపలో పెట్టుకొని బండెక్కింది. టెంటు వాకిట్లో సామి పటం పెట్టి ఉన్నారు. దానికి హారతిచ్చి, చెప్పులు బయటే ఇడిచి లోపలికొచ్చింది. ఘంటసాల తెరమీదే కనబడి సామి ముందర పాడతా ఉంటే ఆడోళ్ళ పక్క అంతా గోవిందా గోవిందా అని ఒకటే కేకలు. మా అవ్వే కాదబ్బా, ఆ కాలంలో ఎంతమందికో అంతే. తిరుపతి కొండెక్కి దిగిన బస్సులు అట్నించి అటే మద్రాసుకు పోయేవి. టీ నగరులో బజుల్లా రోడ్డులో రామారావు ఇల్లు. ఆయన బయటికొచ్చి చెయ్యెత్తితే చాలు, యాత్ర పూర్తయినట్టు. మన పక్క నించి పోయొచ్చినోళ్ళు ఆ ముచ్చట నెలల తరబడి చెప్పేవోళ్ళు.

అట్లాంటి మనిషిని గుండమ్మ కథకు పిలుచుకోని పోతిమి.

పిలుచుకోని పోయింది మా చిన్నాయన. ఆయన కోలారుకు పట్టుగూళ్ళు ఏసుకోని పోతా వస్తా ఉండేవోడు. ఆడ కన్నడంలో మనె తుంబిద హెణ్ణు అని ఒక సినిమా చూసినాడంట. విఠలాచార్య తీసింది. దాన్నే విజయా వోళ్ళు తెలుగులో తీసినారని, రామారావుకు ఇది నూరో సినిమా అని, నాగేశ్వరరావు కూడా ఉండాడని ఊరంతా చెప్పినాడు. అవ్వకు మాత్రం ఒక్క మాటే చెప్పినాడు: "అమ్మా, మల్లా మీ సామి, పద్మావతమ్మే." అది అబద్ధం కాదు. రామారావు, సావిత్రి జంటే కదా ఇందులోనూ. అవ్వ మల్లా తలకు పోసుకొనింది.

టెంటు అంటే మీకు తెలీదు. పైన డేరా గుడ్డ, కింద ఇసక. నేల టిక్కెట్టు మాది. ఇసక కుప్పగా తోసుకొని దాని మీద ఎక్కి కూసుంటే ముందరోడి తల అడ్డం రాదు. ఎనకోడు అరిస్తే దిగాల. మిషను ఒకటే, కాబట్టి ఒక్కో రీలు అయిపోయినప్పుడంతా లైట్లు ఎలగాల్సిందే. చెనిక్కాయలమ్మేవోడు ఆ సందులోనే దూరేవోడు. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల ఏడుకొండలవాడి పాట పెట్టేవోళ్ళు మైకులో. అది ఇనబడితే పల్లెల నించి వచ్చే బండ్లు ఉరికేవి.

ఆ పాట అయిపోయింది. అవ్వ చేతులు జోడించుకొని కూసుంది. సినిమా మొదలైంది. కొంచెం సేపటికి రామారావు పనోడి ఏషంలో గుండమ్మ ఇంటికొచ్చినాడు. నిక్కరు ఏసుకోని!

మా అవ్వ జోడించిన చేతులు అట్లే నిలిచిపోయినాయి. "ఒరే, సామికి నిక్కరేందిరా?" అనింది. అనిందంటే మెల్లగా కాదు, టెంటంతా ఇనబడేట్టు. ముందర కూసున్నోళ్ళు తిరిగి చూసినారు. నాకు పన్నెండేండ్లు, తలెత్తలేకపోయినా. ఆయమ్మ కండ్లలో నిజంగానే నీళ్ళు తిరిగినాయి. ఎవరో కావాలనే ఆయన్ను అవమానం చేసినారని అనుకునింది. లేచి పోదామనింది. మా చిన్నాయన మొగవాళ్ళ పక్కుండాడు, పిలిచినా పలకలా.

అంతలో రుబ్బురోలు వచ్చింది. గుండమ్మ ఏషంలో సూర్యకాంతం, సవతి కూతురు సావిత్రి చేత గొడ్డుచాకిరీ చేయిస్తా ఉంటుంది కదా. ఆ పిల్ల పిండి రుబ్బతా ఉంటే, ఆ పొత్రం రామారావు అందుకున్నాడు. అంత ఒడ్డూ పొడుగూ మనిషి నేల మీద కూసోని, గిరగిరా తిప్పతా పాట పాడతా ఉండాడు. మొగంలో ఎంత సంతోషమో! ఏదో పెద్ద రథం తోలతా ఉన్నట్టే తిప్పతా ఉండాడు. నేను అవ్వ పక్క చూడనే లేదు, భయమేసి. కొంచెం సేపటికి నా పక్కన ఇసక కదిలింది. చూస్తే ఆయమ్మ ఒళ్ళంతా ఊగిపోతా నవ్వతా ఉంది. కొంగు నోట్లో కుక్కుకొనింది, అయినా ఆగలా. అవ్వ అట్లా నవ్వడం అంతవరకూ నేను చూసిందే లేదు.

లైట్లు ఎలిగినప్పుడు పక్కనున్న ముసలామె అడిగింది, "ఏమ్మా, సామికి నిక్కరని ఏడ్చినావే?" అని. అవ్వ ఏమనింది తెలుసునా? "పెండ్లికి కుబేరుడి కాడ అప్పు జేసిన సామి, పెండ్లాం కోసం పిండి రుబ్బడా?"

ఇంకొకటి. రంగారావును చూస్తే నాకు వణుకు. పాతాళభైరవిలో నేపాల మాంత్రికుడు కదా, ఆ గడ్డం, ఆ చూపు. గుండమ్మ కథలో ఆయన తెరమీదికి రాంగానే నేను అవ్వ కొంగు పట్టుకున్నా. చూస్తే ఎంత నెమ్మదస్తుడైన తండ్రి! ఆ గొంతు అదే, ఆ కండ్లు అవే. లోపల మనిషే మారిపోయినాడు. ఆ రాత్రి నించి నాకు రంగారావు అంటే భయం పోయింది, ప్రాణమైపోయింది.

నాగేశ్వరరావు సంగతి నాకు తరవాత తెలిసింది. దేవదాసు వచ్చింది 1953లో. దాంతో ఊరూరా జనానికి ఆయన ఏడుపు మొగమే గుర్తుండిపోయింది. ఆ ముద్ర చెరుపుకోవాలనే మిస్సమ్మలో, 1955లో, నవ్వించే డిటెక్టివు ఏషం తానే అడిగి చేసినాడంట. అందులో హీరో రామారావు. తాను అప్పటికే పెద్ద హీరో అయ్యుండీ పక్కపాత్ర! ఆ మిస్సమ్మ మేరీ ఏషం ముందు భానుమతిది. ఆమె తప్పుకున్నాక సావిత్రికి వచ్చింది. కిరస్తానం పిల్లా, హిందూ పిల్లోడూ ఉద్యోగం కోసం మొగుడూ పెండ్లామని అబద్ధం చెప్పి జమీందారు బడిలో చేరతారు. ఎంత చిన్న కత! ఎవర్నీ చంపరు, ఎవరూ చావరు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. చక్రపాణి రాసిన ఆ మాటల్లో ఒక్కటి కూడా ఎవర్నీ గుచ్చదు.

నేను పెద్దయినాక నాకూ అవ్వ బుద్ధే వచ్చింది చూడండి. 1987లో అహ నా పెళ్ళంట వచ్చింది. మీ అవ్వ పోదామనింది. నేను మొండికేసినా. మీసం మెలెయ్యడు, పదిమందిని కొట్టడు, ఆ రాజేంద్రప్రసాదు ఏం హీరో అన్నా. కోట శ్రీనివాసరావునైతే ప్రతిఘటనలో చూసినప్పటి నించి కండ్లముందర పెట్టుకోవడానికే మనసొప్పేది కాదు, అంత క్రూరుడుగా చేసినాడు. అట్లాంటోడు జంధ్యాల చేతిలో పడి పిసినారి లక్ష్మీపతి అయినాడు. కోడిని ఎలాడదీసుకొని, దాన్ని చూస్తా ఒట్టి అన్నం తింటా ఉంటే నేను కుర్చీలోంచి జారి కింద పడిపోయినా. మీ అవ్వే లేపింది. రాజేంద్రప్రసాదు ఆ పిల్ల కోసం ఆ ఇంట్లో పడే అగచాట్లు చూసి, మొగంలో ఆ అమాయకం చూసి, వీడు మా ఇంటి పిల్లోడే కదా అనిపించింది. ఆ సినిమా పేరు మాయాబజారు పాట నించే తీసుకున్నారు. అందులో సావిత్రి, శశిరేఖ ఏషంలో ఉన్న ఘటోత్కచుడిగా, రంగారావు మాదిరే అడుగులేస్తుంది. అవ్వ ఉంటే ఈ సినిమాకూ పిలుచుకోని పోయుందును. అప్పటికే ఆమె పోయి ఆరేండ్లు.

మా తాత సంగతి చెప్పలా కదా. ఆ రాత్రి ఆయనా వచ్చినాడు, మొగవాళ్ళ పక్క కూసున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బండిలో అందరూ సినిమా కత చెప్పుకొని నవ్వతా ఉంటే ఆయన ఒక్క మాట మాట్లాడలా. ఎద్దుల్ని అదిలించుకుంటా కూసున్నాడు. ఇంట్లో చెంబుడు నీళ్ళు కూడా తన చేత్తో ముంచుకొని తాగిన మనిషి కాదు.

ఆ యేడు భోగికి ముందురోజు అవ్వ దోసెలకు నానబెట్టింది. అప్పట్లో దోసె అంటే పండగ తిండే, తక్కిన రోజులంతా సంగటే. మా అమ్మ పురుటాలు. అవ్వ ఒక్కతే రోలు కాడ కూసోని ఉంది, చేతికి వాతం నొప్పి. తాత కయ్యలోంచి వచ్చినాడు. కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలు నడుముకు బిగించి, పోయి రోలుకు ఆ పక్క కూసున్నాడు.

"నువ్వు పిండి తొయ్యి, నేను తిప్పతా" అన్నాడు.

అవ్వ చెయ్యి తీసేసింది. అంతే. ఇద్దరూ మాట్లాడుకోలా. దోవన పోయే ఒకాయన నిలబడి, "ఏం మామా, రామారావు అయిపోతివే!" అన్నాడు. తాత తల వంచుకొని తిప్పతానే ఉండాడు.

తాతకు చేతగాని పని కదా. ఆ భోగికి దోసెలన్నీ బరకబరకగా వచ్చినాయి. అవ్వ ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. రెండు ఎక్కువే తినింది.