అల్లరి పిల్లల బొమ్మల పుస్తకాలు: బెత్తం నుండి బుడుగు వరకు

అల్లరి పిల్లవాడిని కథానాయకునిగా నిలిపి, బొమ్మలతో నవ్వించే పుస్తకాలకు సుమారు 180 ఏళ్ళ చరిత్ర ఉన్నది. 1844లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్, తన మూడేళ్ళ కుమారునికి క్రిస్మస్ కానుకగా ఇవ్వదగిన పుస్తకం దొరకక, తానే పద్యాలు రాసి బొమ్మలు వేశాడు. మరుసటి ఏడాది అచ్చయిన ఆ పుస్తకమే తరువాత 'ష్ట్రువెల్‌పేటర్'గా ప్రసిద్ధి పొందినది. అందులో బొటనవేలు చీకే పిల్లవాడి వేళ్ళను దర్జీ కత్తెరతో కత్తిరిస్తాడు. 1865లో విల్హెల్మ్ బుష్ గీసిన 'మాక్స్, మోరిట్స్' అనే ఆకతాయిల జంట ఏడు ఆగడాలు చేసి, చివరకు మరలో నలిగి బాతులకు మేతవుతుంది. ఈ పుస్తకాలలో నవ్వు ఉన్నమాట నిజమే గాని, నవ్వు వెనుక బెత్తం కూడా ఉన్నది.

తెలుగువారి బుడుగు చేతికి ఆ బెత్తం అందదు. ముళ్ళపూడి వెంకటరమణ (1931–2011) రచన, బాపు (1933–2014) బొమ్మలతో 'బుడుగు' 1956–57 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వెలువడినది. కచ్చితంగా చెప్పవలెనంటే ఇది బొమ్మలే కథను నడిపే పుస్తకం కాదు, మాటదే పెద్దపీట. అయినను బాపు గీత లేని బుడుగును తెలుగు పాఠకుడు ఊహించుకొనలేడు.

ఇందులో కథ చెప్పేది పిల్లవాడే. తల్లి రాధ, తండ్రి గోపాలం, వెనకేసుకొచ్చే బామ్మ, రెండుజెళ్ళ సీత చుట్టూ తిరిగే బాబాయి, నిలదొక్కుకొనలేని ప్రైవేటు మాస్టార్లు, అందరూ వాడి కంటికి కనిపించిన తీరులోనే మనకు కనిపిస్తారు. అందుచేత నవ్వులపాలయ్యేది పిల్లవాడి అల్లరి కాదు, పెద్దల పెద్దరికం. పక్కింటి పాప పేరు శ్రీ జ్ఞానప్రసూనాంబ. సరిహద్దు జిల్లాలవారికి సుపరిచితమైన శ్రీకాళహస్తి అమ్మవారి పేరే అది. బుడుగు నోట అది 'సీగానపెసూనాంబ' అయినది. పలకలేని పేరును పిల్లవాడు తన నోటికి తగినట్లు మలచుకొన్నాడు. రచయిత దానిని దిద్దక అలాగే అచ్చువేయించాడు. ఈ పుస్తకపు బలమంతా ఆ దిద్దకపోవడంలోనే ఉన్నది.

ఈ బుడుగు పుట్టిన చోటు కూడా గమనార్హం. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు తరలినది. రమణ, బాపు ఇద్దరూ మద్రాసులో పెరిగి, అక్కడే పనిచేసినవారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడి మద్రాసు తమిళుల రాజధానిగా మిగిలిన తరువాతనే అక్కడ బుడుగు మాట్లాడసాగాడు. అనగా తెలుగు బాల్యానికి ప్రతీకగా నిలిచిన ఈ పిల్లవాడు పొరుగు రాష్ట్రపు తెలుగువాడే.

హోసూరు, బళ్ళారి, బరంపురం ప్రాంతాల కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి మొదలు దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసినది. ఇతర రాష్ట్రాలలోను ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో వేరొక లిపి నేర్చే పిల్లలు అనేకులు. వారికి పాఠ్యపుస్తకపు తెలుగు పరాయిది. బుడుగు తెలుగు అమ్మమ్మ తెలుగు. పెద్దలు పైకి చదివి వినిపిస్తే చాలు, అక్షరం రాని పిల్లలు సైతం నవ్వుతారు. కన్నడ బడిలో చదివే పిల్లలకు మరొక సౌలభ్యం కలదు: రెండు లిపులు ఒక్క మూలం నుండి వచ్చినవే కనుక, తలకట్టు తేడాను, రూపం మారే కొద్ది అక్షరాలను పట్టుకొంటే తామే కూడబలుక్కొని చదువుకొనగలరు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. అక్కడి పిల్లలకు మరికొంత ఓపిక కావలెను.

ఐదేళ్ళలోపు వారికి బుడుగు బరువే. వారికి బొమ్మ నిండుగా, మాట తక్కువగా ఉండవలెను. 1996లో చెన్నైలో ప్రారంభమైన తూలిక సంస్థ తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే బొమ్మల పుస్తకాలు ప్రచురించినది. 2004లో బెంగళూరులో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ 2015లో 'స్టోరీవీవర్' ఆరంభించినది. అందులోని తెలుగు కథలను ఎవరైనను ఉచితంగా చదువుకొనవచ్చును, అచ్చు తీసుకొనవచ్చును.