దేవైః అనియే ఎందుకు? ఒక పాణినీయ సూత్రం, దాని చుట్టూ నేటికీ సాగుతున్న విచారం

త్వష్ట కథ వేదాధ్యయనం చేసిన ప్రతి వటువుకూ తెలిసినదే. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు వధించగా, ఇంద్రుని సంహరించగల పుత్రుని కోరి త్వష్ట హోమం చేసినాడు. ఇంద్రశత్రువు వర్ధిల్లుగాక అన్నది ఆయన ఆకాంక్ష. ఆ సమాసాన్ని అంత్యోదాత్తంగా పలికితే ఇంద్రుని చంపువాడని తత్పురుషార్థం. ఆద్యుదాత్తంగా పలికితే ఇంద్రుడే శత్రువుగా గలవాడని బహువ్రీహ్యర్థం. స్వరం తప్పినది. వృత్రుడు జన్మించినాడు, ఇంద్రుని చేతనే హతుడైనాడు. వ్యాకరణం ఎందుకు చదవవలెనన్న ప్రశ్నకు మహాభాష్యకారుడైన పతంజలి పస్పశాహ్నికంలో ఇచ్చిన సమాధానాలలో ఈ వృత్తాంతం ఒకటి.

షడంగాలలో వ్యాకరణాన్ని వేదపురుషుని ముఖంగా భావించినది ఇందువలననే. రక్ష, ఊహ, ఆగమం, లాఘవం, అసందేహం అని పతంజలి పరిగణించిన ఐదు ప్రయోజనాలలోనూ మొదటిది వేదరక్షణమే. కనుక సూత్రార్థ విచారం పండితుల కాలక్షేపమని ఆస్తికులు తోసిపుచ్చరాదు. ఇటీవల కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఒక భారతీయ యువకుడు పాణినీయ సూత్రమొకదానికి క్రొత్త అర్థం చెప్పగా, పత్రికలన్నీ దానిని ప్రచురించినవి. ఆ సూత్రం ఏమిటో, దాని చరిత్ర ఏమిటో తెలిసినవారు మాత్రం స్వల్పం.

పాణిని శాలాతురమనే ఊరివాడు. ఆయన అష్టాధ్యాయిలో సుమారు 4,000 సూత్రాలున్నవి. అవి విడివిడిగా నిలిచే నియమాలు కావు. ఒక పదం సిద్ధించవలెనంటే ఒక సూత్రం చేసిన పనిని మరొకటి అందుకొనవలెను. అట్టి వ్యవస్థలో ఒకే స్థలంలో, ఒకే క్షణంలో రెండు సూత్రాలు మాకు అవకాశమున్నదని ముందుకు రావడం అనివార్యం. రెండింటికీ అన్యత్ర చరితార్థత ఉండి, ఒకచోట మాత్రం కలిసి ప్రవర్తింపజాలకపోతే దానికి విప్రతిషేధమని పేరు. అప్పుడు ఏది నిలువవలెనో చెప్పుటకై పాణిని ప్రథమాధ్యాయం నాల్గవ పాదంలో రెండవ సూత్రాన్ని ఉంచినాడు. అట్టి విరోధంలో పరమైనది జరుగునని దాని తాత్పర్యం. చిక్కంతా ఆ పర శబ్దంలోనే ఉన్నది.

ఉదాహరణం లేక ఇది బోధపడదు. దేవ శబ్దానికి తృతీయా బహువచన ప్రత్యయమైన భిస్ చేరినదనుకొందాము. సప్తమాధ్యాయం ప్రథమపాదంలోని 9వ సూత్రం, హ్రస్వ అకారాంతమైన అంగం తరువాత భిస్సుకు ఐస్ ఆదేశం కావలెనంటుంది. అదే అధ్యాయం తృతీయపాదంలోని 103వ సూత్రం, ఝలాదియైన బహువచన సుప్ పరమైనప్పుడు అకారాంతమైన అంగానికి ఏకారం రావలెనంటుంది. మొదటిది నెగ్గితే దేవైః. రెండవది నెగ్గితే దేవేభిః. లోకంలో సాధురూపం దేవైః అన్నదే.

పర శబ్దానికి అష్టాధ్యాయీ పాఠక్రమంలో తరువాత చదువబడినది అని సంప్రదాయం అర్థం చెప్పినది. ఆ లెక్కన ఏకార విధియే పరం, అదే నెగ్గవలెను. అట్లు నెగ్గితే ఐస్ విధికి ప్రవర్తించుటకు చోటెక్కడ అని భాష్యంలోనే ఆక్షేపం. ఏకారం వచ్చిన పిదపను, పూర్వం అకారాంతమే గదా అన్న న్యాయంతో ఐస్ చేయవచ్చునని ఒక సమాధానం. అట్లైతే ఏకారం వచ్చినా రాకున్నా ఐస్ ప్రవర్తిస్తున్నది గనుక అది నిత్యమనీ, నిత్యం పరం కంటె బలీయమనీ తుది నిర్ణయం. దేవైః సిద్ధించినది. కాని దానికై సూత్రంలో కంఠోక్తిగా లేని ఒక పరిభాషను ఆశ్రయింపవలసి వచ్చినది.

ఇది ఒక్కచోట ముగిసినది కాదు. పాఠక్రమంలో ముందున్న సూత్రమే నెగ్గవలసిన స్థలాలను వార్తికకారుడైన కాత్యాయనుడు పూర్వవిప్రతిషేధమని పేరిట్టి అనేకత్ర చూపినాడు. పతంజలి ఇంకొక అడుగు వేసి, సూత్రంలోని పర శబ్దం ఇష్టవాచి అన్నాడు. ఏది ఇష్టమో, అనగా ఏ విధి సాధురూపాన్ని ఇస్తుందో అదే జరుగునని భావం. ఈ సమాధానం చదివి చిరునవ్వు నవ్వని విద్యార్థి ఉండడు. అయినను దానిలో గంభీరమైన దర్శనమున్నది. శబ్దం నిత్యం, లోకసిద్ధం. శాస్త్రం దానిని అన్వాఖ్యానం చేయునదే గాని సృష్టించునది కాదు. రూపం ముందే తెలిసి ఉన్నది, సూత్రం దానిని అనుసరిస్తున్నది.

తరువాతి శతాబ్దాలలో కాశికాకారులు, భట్టోజీ దీక్షితుడు ఈ మార్గాన్నే అనుసరించినారు. పదునెనిమిదవ శతాబ్దంలో నాగేశభట్టు పరిభాషేందుశేఖరంలో పరిభాషలన్నిటినీ క్రోడీకరించినాడు. పూర్వం కంటె పరం, పరం కంటె నిత్యం, నిత్యం కంటె అంతరంగం, అంతరంగం కంటె అపవాదం బలీయమన్న సోపానం నేటి పాఠశాలలలో కంఠస్థం. ఆంధ్రదేశంలో ఈ పాఠం ఎంతటి నిష్ఠతో సాగినదో తెలియుటకు, విజయనగరంలో తాతా సుబ్బరాయశాస్త్రి నాగేశుని శబ్దేందుశేఖరంపై రచించిన గురుప్రసాద వ్యాఖ్యయే చాలును.

ఈ శాస్త్రం సముద్రం దాటినది పందొమ్మిదవ శతాబ్దంలో. ఒట్టో బోట్లింక్ 1839–40లలో బాన్ నగరం నుండి అష్టాధ్యాయిని ప్రకటించినాడు. పుణే దక్కన్ కళాశాలలో సంస్కృతాచార్యుడైన కీల్‌హార్న్ అక్కడి పండితుల పాదాల వద్ద శేఖరాన్ని చదివి, 1868లో పరిభాషేందుశేఖర మూలాన్ని, 1874 నాటికి దాని ఆంగ్లానువాదాన్ని, ఆపై మహాభాష్యాన్ని ప్రకటించినాడు. గురుముఖతః చదివినందువలననే ఆయన పరిష్కరణలు నేటికీ నిలిచినవి. అమెరికా దేశపు భాషాశాస్త్రానికి ప్రధానాచార్యులలో ఒకడైన లెనర్డ్ బ్లూమ్‌ఫీల్డ్ పాణినిని శ్రద్ధగా చదివి, మెనోమినీ అనే ఆదిమజాతి భాషను వర్ణించుటలో ఆ సూత్రపద్ధతిని అనుసరించినాడు. విశేషవిధి ఉన్నచోట సామాన్యవిధి తప్పుకొనునన్న ఉత్సర్గాపవాద న్యాయాన్ని పాల్ కిపార్స్కీ 1973లో ఆధునిక ధ్వనిశాస్త్రంలో ప్రతిపాదించగా, దానిని పాణిని సూత్రమని వ్యవహరించేవారు నేడు అనేకులు. ఏ భాషకైనా వ్యాకరణం వ్రాసేవారికి నియమాల విరోధం ఎదురవుతూనే ఉంటుంది. కనుక విప్రతిషేధం సంస్కృతానికి మాత్రమే పరిమితమైన విచారం కాదు.

ఇక కేంబ్రిడ్జి విషయం. ఋషి రాజ్‌పోపట్ అనే పరిశోధకుడు తన డాక్టరేట్ సిద్ధాంతగ్రంథంలో పర శబ్దానికి పాఠక్రమంలో తరువాతిది అని గాక, పదంలో కుడివైపున ఉన్నది అని అర్థం చెప్పినాడు. 2022 డిసెంబరులో ఇది ప్రపంచమంతటా వార్త అయినది. ఆయన మతంలో రెండు సూత్రాలు ఒకే అంశంపై ప్రవర్తింపగోరితే విశేషమైనది నెగ్గుతుంది. వేర్వేరు అంశాలపై ప్రవర్తింపగోరితే కుడివైపు అంశానికి చెందిన కార్యం నెగ్గుతుంది. దేవ, భిస్ అన్న రెండింటిలో ఏకారం ఎడమనున్న దేవ శబ్దానికి, ఐస్ కుడినున్న భిస్సుకు. కుడివైపుది నెగ్గితే దేవ, ఐస్ మిగులుతవి. ఐస్ అజాది గనుక ఏకారానికి నిమిత్తమే లేదు. నిత్యత్వాన్ని ఆశ్రయింపకయే దేవైః వచ్చినది. ప్రత్యయం ప్రకృతికి పరమున ఉండునని చెప్పేచోట పాణిని వాడినదీ ఈ పర శబ్దమే గనుక ఈ అర్థం నిరాధారమని త్రోసివేయలేము.

అట్లని ఇదే సిద్ధాంతమని అంగీకరించుటకూ అడ్డులున్నవి. పలువురు పాణినీయులు దీనిని ఖండిస్తూ వ్రాసినారు. ఆ సూత్రం ఉన్న చోటును చూడవలెను. దానికి ముందున్న సూత్రం, కడార శబ్దం వచ్చువరకు ఒకదానికి ఒకే సంజ్ఞ అని అధికారం చేస్తున్నది. అక్కడి విరోధం సంజ్ఞలది. వింటితో కొట్టుచున్నాడు అన్నప్పుడు బాణం వింటి నుండి వెడలుచున్నది గనుక వింటికి అపాదాన సంజ్ఞ ప్రాప్తిస్తుంది, కొట్టుటకు సాధనం గనుక కరణ సంజ్ఞయూ ప్రాప్తిస్తుంది. పాఠక్రమంలో కరణం తరువాత ఉన్నది, అదే నెగ్గినది, తృతీయ వచ్చినది. విల్లు ఒక్కటే; ఇందులో కుడి ఏది, ఎడమ ఏది? ఆ ప్రకరణంలోనే కూర్చున్న సూత్రానికి ఆ ప్రకరణంలో సహజంగా పొసగే అర్థాన్ని విడుచుట సులభం కాదు.

మరొక మాట. 2,500 ఏండ్లుగా ఎవరికీ లొంగని చిక్కు విడిపోయినదని పత్రికలు వ్రాసినవి. ఇది అతిశయోక్తి. దేవైః అన్న రూపాన్ని సాధింపలేక ఏ వైయాకరణుడూ ఏనాడూ నిలిచిపోలేదు. ప్రశ్న సాధింపగలమా అన్నది కాదు, ఎంత లాఘవంతో, సూత్రకారుని హృదయానికి ఎంత దగ్గరగా సాధింపగలమన్నది. మునిత్రయంలో ఉత్తరోత్తరునికి ప్రామాణ్యమన్న సంప్రదాయానికి అపచారం జరిగినదని కోపించినవారూ ఉన్నారు. వారు ఒక సంగతి గమనింపవలెను. సూత్రకారుని మాటను వార్తికకారుడు ప్రశ్నించినాడు, వార్తికకారుని ఎన్నోచోట్ల భాష్యకారుడు ఖండించినాడు. పూర్వపక్షాన్ని వినకుండ వెడలగొట్టిన శాస్త్రం ఈ దేశంలో లేదు.

కోపం కంటె ప్రమాదకరమైనది అసత్యప్రశంస. సంస్కృతమే కంప్యూటరుకు ఉత్తమ భాష అని నాసా ప్రకటించినదన్న మాట ఉపన్యాసాలలో, సందేశాలలో విరివిగా తిరుగుతున్నది. ఆ సంస్థ అట్టి ప్రకటన చేయలేదు. అక్కడ పనిచేసిన రిక్ బ్రిగ్స్ 1985లో ఒక పత్రికలో వ్యాసం వ్రాసినాడు. వాక్యార్థాన్ని కర్తృ కర్మాది సంబంధాలుగా విడదీసి చెప్పే శాబ్దబోధ పద్ధతి, యంత్రానికి జ్ఞానాన్ని అందించే పద్ధతితో పోలి ఉన్నదని అందులో చూపినాడు. అది గౌరవనీయమైన మాట, అంతవరకే. త్వష్ట కథను చెప్పుకొనేవారు తమ మాటలో ఉదాత్తానుదాత్తాలతో పాటు సత్యాసత్యాలను కూడ చూచుకొనవలెను గదా.

నిజమైన కార్యం మరొకచోట నిశ్శబ్దంగా జరుగుతున్నది. 2007లో పారిస్ సమీపంలో సంస్కృత సంగణక భాషాశాస్త్ర సదస్సు మొదటిసారి జరిగినది. మూడవది 2009లో హైదరాబాదులో. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ సంస్కృత అధ్యయన విభాగంలో అంబా కులకర్ణి నేతృత్వంలో రూపొందిన సంసాధని, పారిస్‌లో జెరార్ హ్యూయె నిర్మించిన సంస్కృత వ్యవస్థ సంధిని విడదీస్తవి, సుబంత తిఙంతాలను విశ్లేషిస్తవి. అష్టాధ్యాయిని సూత్రక్రమంలోనే యంత్రంచేత నడిపించే ప్రయత్నాలూ జరిగినవి. అక్కడ విప్రతిషేధ సూత్రానికి ఏ అర్థం చెప్పుకొందుమో నిశ్చయించుకొనక పని ముందుకు సాగదు. యంత్రానికి ఇష్టవాచి అన్న సమాధానం చాలదు. ఏది ఇష్టమో దానికి ముందుగా తెలియదు.

ఈ పనికి శాస్త్రం గురుముఖంగా చదివినవారు కావలెను, వారు తగినంతగా దొరకడం లేదు. కంప్యూటరు విద్య నేర్చినవానికి పరిభాషేందుశేఖరం తెలియదు. శేఖరం చదివినవానికి ఇట్టి ద్వారం తెరచి ఉన్నదనియే తెలియదు. తిరుపతిలో 1961లో విద్యాపీఠంగా మొదలై, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రి, ఆచార్య, విద్యావారిధి పట్టాలతో పాటు శాబ్దబోధను భాషా సాంకేతికతతో కలిపి బోధించే చదువూ ఉన్నది. యు.జి.సి. జాతీయ అర్హతా పరీక్షలో భాషాశాస్త్రం ఒక విషయం, సంస్కృత సంప్రదాయ శాస్త్రాలు వేరొక విషయం. ఉత్తీర్ణులైనవారిలో ఉత్తమశ్రేణికి పరిశోధనా భృతి లభిస్తుంది. కుమారునికి వ్యాకరణం చెప్పించితే జీవిక ఎట్లని భయపడి పాఠశాల మాన్పించే తల్లిదండ్రులు ఈ మార్గాలను విచారించి ఆపై నిర్ణయించుకొనుట మేలు.

దేవేభిః అన్న రూపాన్ని మధ్యలో విడిచినాము. అది అసాధువు కాదు. ఋగ్వేద ప్రథమ సూక్తంలోనే అది కనబడుతుంది. అదే సంహితలో దేవైః అన్నదీ ఉన్నది. ఐస్ ఆదేశం చెప్పిన వెంటనే పాణిని తరువాతి సూత్రంలో ఛందస్సులో అది బహులమన్నాడు. బహులమంటే ఒకచోట ప్రవర్తించును, ఒకచోట ప్రవర్తింపదు. ఎక్కడ ఏదో సూత్రం చెప్పలేదు, ఏ పరిభాషయూ చెప్పజాలదు, కుడి ఎడమల న్యాయమూ చెప్పజాలదు. అది తెలిసినది ఆ ఋక్కును ఆ స్వరంతో వల్లెవేసిన అధ్యేతకు మాత్రమే. అష్టాధ్యాయిని యంత్రానికి నేర్పేవారు ఆ సూత్రం వద్దకు వచ్చినప్పుడెల్ల, వేదపాఠశాలలలో ఉపాధ్యాయుని ఎదుట కూర్చున్న పిల్లల కంఠాలలో నిలిచి ఉన్న పాఠాన్నే ఆశ్రయింపవలసి ఉన్నది.