అమృతాంజనము పుట్టిన బొంబాయి

"ఉద్యోగం పురుషలక్షణ" మను మాట వినని పిల్లవాడు మన యిండ్లలో నుండడు. పరీక్ష ఫలితములు తెలిసిన మరునాటినుండి తండ్రియు, మేనమామయు, పొరుగింటి పెద్దమనిషియు దానిని వంతులవారీగా చెవిలో వేయుచునే యుందురు. అయితే ఆ వాక్యమును కూర్చినవారికి నెలజీతముతో పని లేదు. సంస్కృతమున 'ఉద్యోగ' మనగా ప్రయత్నము, పూనిక. ఒకరివద్ద చేతులు కట్టుకొని చేయు పనికి మనకు 'కొలువు' అని చక్కని తెలుగుమాట ఉండనే యున్నది. కచేరీలును కంపెనీలును వచ్చిన పిదప కొలువునకే ఉద్యోగమని పేరు పెట్టుకొని, గౌరవమును గూడ దానికే కట్టబెట్టితిమి. ఆ మాటను పాతయర్థమున నిజము చేయుటకై కొత్తయర్థపు ఉద్యోగమును విడిచిన తెలుగువా డొకడు మేము నివసించు ఈ బొంబాయి నగరముననే యుండెను. ఆయనను గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణా మండలమున జన్మించిరి. బందరున చదివి, చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టభద్రులైరి. ఆ కాలమున బి.ఏ. పట్టము చేతనున్న బ్రాహ్మణ యువకునికి త్రోవ తెలిసినదే. కలెక్టరు కచేరీలో గుమాస్తాగిరి, లేదా పాఠశాలలో ఉపాధ్యాయత్వము, ఇంకను ఓపిక యున్నచో న్యాయవాదవృత్తి. పంతులుగారు ఈ మూడింటిని కాదని కలకత్తా వెళ్ళి ఒక మందుల వ్యాపారసంస్థలో చేరిరి. అటుపిమ్మట బొంబాయి వచ్చి ఒక కార్యాలయమున పనిచేసిరి. 1893లో ఆ కొలువును గూడ విడిచి అమృతాంజన సంస్థను స్థాపించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియారేండ్లు.

ఈ కథను చెప్పువారు సాధారణముగా ఇచ్చట ఒక పొరబాటు చేయుదురు. ఏదో ఒక ఉదయమున హఠాత్తుగా వైరాగ్యము పుట్టి పంతులుగారు ఉద్యోగమును విదలించుకొన్నట్లు వర్ణింతురు. సంవత్సరములను లెక్కించి చూడుడు. పట్టభద్రులైన 1891కిని, సంస్థ పెట్టిన 1893కిని నడుమ నున్నవి రెండేండ్లే. ఆ రెండేండ్లలోనే కలకత్తా, బొంబాయి రెండును గడచినవి. ఉద్యోగములో స్థిరపడుటకు చేరినవాడు ఇంత త్వరగా ఊళ్ళు మారడు. మందుల వ్యాపారమున సరకు ఎట్లు వచ్చును, ఎట్లు పోవును, లాభ మెచ్చట నిలుచును అన్నది యజమాని జీతముతో నేర్చుకొనుటకే వారు కొలువు చేసిరని మేము తలచుచున్నాము. దానిని విడిచిపెట్టుట అనుటకంటె, అందలి చదువు పూర్తియైన దనుట సరియైన మాట.

ఆ కాలపు గాలియు అట్టిదే. కలకత్తాలో ఎస్. కె. బర్మన్ 1884లోనే డాబర్ సంస్థకు పునాది వేసియుండెను. 1892లో ప్రఫుల్ల చంద్ర రాయ్ ఒక అద్దె యింటిలో ఏడువందల రూపాయల మూలధనముతో మందుల తయారీ ప్రారంభించెను. అదియే 1901లో బెంగాల్ కెమికల్ కంపెనీ యైనది. అయితే రాయ్ మహాశయుడు ప్రెసిడెన్సీ కళాశాలలో తన ఆచార్యపదవిని వదలలేదు. జీతము ఒక ప్రక్కను, కార్ఖానా మరియొక ప్రక్కను నడిపెను. బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ న్యాయవాదవృత్తిని పూర్తిగా విడిచి, మొదట శస్త్రచికిత్స పరికరములు చేసి నష్టపడి, 1897లో తాళముల తయారీకి దిగెను. ఈ ఇరువురిలో మన పంతులుగారు గోద్రెజ్ త్రోవవారు. తేడా ఏమన, గోద్రెజునకు బొంబాయి స్వస్థలము. చుట్టును తన పారసీక సమాజ ముండెను. పంతులుగారికి ఇచ్చట నున్న తెలుగువా రెవరు? కామాటిపుర మను పేటకు పేరు తెచ్చిన కూలిజనము, నూలుమిల్లులలో పనిచేయు సాలెకులమువారు. వారు రెక్కల కష్టముతో ఈ నగరమును కట్టినవారే కాని, ఒక బి.ఏ. చదివిన వర్తకునికి అప్పు పెట్టగలవారు కారు.

ఇక సరకు సంగతి. అమృతాంజన మనునది పసుపుపచ్చని లేపనము. పుదీనాపువ్వు, కర్పూరము, నీలగిరి తైలము మొదలైన ఘాటుద్రవ్యములు అందు ప్రధానమైనవి. నొసట రాచినంతనే చల్లదనమును, వెనువెంటనే చురుకును కలిగించి, ఆ క్రొత్త స్పర్శచేత లోపలి నొప్పిని మనస్సు మరచునట్లు చేయును. పేరు విషయమున మాకొక సందేహము చిన్నప్పటినుండి యున్నది. అంజన మనగా కాటుక గదా. ఈ అంజనమును కంటికి పెట్టుకొన్నవాని గతి యేమి? మా యింటి పిల్లలలో ఒకడు ఈ ప్రశ్నకు సమాధానమును స్వానుభవమున తెలిసికొని, గంటసేపు ఏడ్చెను. అది యట్లుండనిండు. అమృతమును అంజనమును కలిపిన ఆ పేరు మరాఠీవానికి, గుజరాతీకి, తమిళునికి, బెంగాలీకి గూడ అర్థమగు సంస్కృతపు పేరు. తెలుగువాడు బొంబాయిలో చేసిన సరకు దేశమంతట అమ్ముడు పోవలయునన్న అట్టి పేరే కావలసియుండెను. వర్తకుని చూపు ఆ పేరుననే యున్నది.

డబ్బీ వెల మొదట పది అణాలు. సంగీతకచేరీలు జరుగు తావులకు పోయి వచ్చినవారికి ఉచితముగా పంచిపెట్టుట వారి ప్రచారపద్ధతి యని ప్రసిద్ధము. ఇందలి యుక్తిని గమనింపుడు. మందు వాడినగాని గుణము తెలియదు, తెలియనిదే కొనరు. ప్రకటన చదివినవాడు నమ్మకపోవచ్చును, నొసట రాచుకొన్నవాడు నమ్మక తప్పదు. పైగా కచేరీకి వచ్చు జనము తీరిక గలవారు, నలుగురితో మాటలాడువారు. మధ్యరాత్రివరకు కూర్చుండిన తలలకు నొప్పి గూడ సిద్ధముగానే యుండును!

వ్యాపారము నిలిచినది. ధనము వచ్చినది. ఇంతటితో కథ ముగిసియున్నచో ఈ సంచికలో దానిని వ్రాయుటకు మేము పూనుకొనము. సంపన్నులైన తెలుగు వర్తకులు ఇంకను పెక్కురున్నారు. 1907లో సూరత్ నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు వెళ్ళిరి. అతివాద మితవాదుల కలహముతో చీలిన సభ యది. దేశమున నింత జరుగుచుండగా తెలుగువారికి తెలుగులో చెప్పు పత్రికలు చాలవని వారికి తోచెను. మరుసటి యేడు జూలై 22వ తేదీన బొంబాయి న్యాయస్థానము తిలకునకు ఆరేండ్ల ప్రవాసశిక్ష విధించినది. నగరములోని మిల్లుకూలీలు ఆరు దినములు పని మానిరి. ఆ శిక్షకు సరిగా ఏడు వారములకు, 1908 సెప్టెంబరు 9వ తేదీన, అదే నగరమునుండి 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా వెలువడెను.

తెలుగుదేశమునకు ఇంత దూరమున, మరాఠీ గుజరాతీ వాడుకలోనున్న నగరమున, ఒక తెలుగు వారపత్రికను నడపుటలోని కష్టమును ఇప్పటివారు ఊహింపలేరు. తెలుగు అక్షరములు కూర్చువారు కావలెను, తప్పులు దిద్దువారు కావలెను. అచ్చయిన ప్రతులు రైలుతపాలాలో బెజవాడకును, బందరునకును, రాజమహేంద్రవరమునకును పోవలెను. చందాదారుడు చందా పంపునా అన్నది వేరు ప్రశ్న. ఆ విషయమున తెలుగు చందాదారుల కీర్తి నాటికిని నేటికిని ఒక్కటియే. ఈ భారము నంతను మోసినది ఆ పసుపుపచ్చని డబ్బీ. ఒకరి కొలువులో నుండినచో పంతులుగారు ఇట్టి పత్రికను నడపగలిగెడివారా? యజమాని ఆంగ్లేయుడైనచో తిలకుని శిక్షను గూర్చి ఒక్క వాక్యము వ్రాసిన మరునాడే సెలవు చీటీ చేతికి వచ్చియుండును. దేశీయుడైనను భయపడియుండును. స్వంతవ్యాపారము వారికి ధనము నిచ్చినది నిజమే; అంతకంటె ముఖ్యముగా నోరు నిచ్చినది.

1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. ఆంధ్రోద్యమము బలపడుచుండగా పత్రిక బొంబాయిలో నుండుట కుదరదని పంతులుగారు చెన్నపట్టణమునకు తరలి, 1914 ఏప్రిలు 1వ తేదీనుండి దానిని దినపత్రికగా చేసిరి. నాలుగు నెలలు గడచునప్పటికి ఐరోపాయుద్ధము వచ్చిపడెను; దినదినము వార్తలకై జనము ఎదురుచూచు కాలము. తరలుట సకాలమున జరిగినదని చరిత్రకారు లందురు. కాదనము. కాని బొంబాయి తెలుగువారమైన మాకు ఆ సంవత్సరమును తలచినప్పుడెల్ల కొంచెము చిన్నబోయినట్లుండును. ఆరేండ్లపాటు ఆంధ్రదేశమునకు వార్త చెప్పిన నగరము ఆనాటితో తిరిగి వార్తకై ఎదురుచూచు నగరమైనది.

ఆపైని కథ చెన్నపట్టణపు తెలుగువారిది. వారు మాకంటె బాగుగా చెప్పగలరు. 1924లో 'భారతి' మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల, 1930 ఉప్పు సత్యాగ్రహమున కారాగారము, 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు కళాప్రపూర్ణ బిరుదము, ఇవన్నియు వరుసగా వచ్చినవి. 1936లో అమృతాంజనము పబ్లిక్ లిమిటెడ్ సంస్థయైనది. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక చేసికొన్నది మైలాపూరులో పంతులుగారి యింటనే. ఆ యింటి పేరు శ్రీబాగ్ గనుక అది శ్రీబాగ్ ఒడంబడిక యైనది. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలు రాజధాని యగుటకు మూలము ఆ కాగితమే. ఇక్కడ మాకు తోచునది ఒకటి గలదు. ఆ రెండు ప్రాంతములవారును ఒకరినొకరు నమ్మని దినములలో అందరును కూర్చుండుటకు ఒప్పుకొన్న గడప, ఏ ప్రభుత్వమునకును ఏ జమీందారునకును చెందని ఒక వర్తకుని గడప. ఒడంబడిక జరిగిన అయిదు నెలలలోపుననే, 1938 ఏప్రిలు 11వ తేదీన పంతులుగారు కీర్తిశేషులైరి.

ఉద్యోగము విడిచినవారి మాట వచ్చినప్పుడు పంతులుగారితో ఆపుట న్యాయము కాదు. చదువు లేకయే ఈ పని చేసినవారు మా రాష్ట్రముననే షోలాపూరున వేలకొలది యున్నారు. తెలంగాణపు పల్లెలనుండి వలస వచ్చిన పద్మశాలీలు వారు. 1877 నాటికే షోలాపూరున నూలుమిల్లు నడువసాగెను. తెల్లవారుజామున మిల్లు భోంగా కూయగానే లేచి, పరుల యంత్రముముందు నిలిచి, వారపు కూలి తెచ్చుకొనుట ఒక జీవితము. దానిని విడిచి ఇంటిలోనే ఒకటి రెండు మగ్గములు, తరువాత పాత సాంచలు నిలుపుకొనుట మరియొక జీవితము. రెండవదానిలో కూలి యుండదు, భోంగా యుండదు. నూలు సేటువద్ద అప్పు తేవలెను, సరకు అమ్ముడుపోయినదాక వడ్డీ పెరుగుచుండును. ఇంటి ఆడవారు కండెలు చుట్టవలెను, ముసలివారు పోగులు అతుకవలెను. నూలు ధర పెరిగిన వారమున ఇల్లంతయు మౌనము వహించును. ఒక్క మగ్గము తిరుగక నిలిచినచో, కూలివాడు మిల్లును నిందించి ఊరకుండును. స్వంత మగ్గమువాడు ఎవరిని నిందించును?

ఆ పాత మిల్లు 1960ల నాటికి మూతపడినప్పుడు పనిపోయినవారు పెక్కురు ఈ మరమగ్గముల వైపునకే మళ్ళిరి. అందు కొందరు స్వంతదారులైరి, పెక్కురు మరల మరొకరి సాంచపై కూలివాండ్రే యైరి. ఈ రెండవ మాటను మన సంచికలలో సాధారణముగా వ్రాయరు. జకార్డు పద్ధతిని నేయు షోలాపూరు దుప్పటికి 2005–06లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దుప్పటిపై పువ్వులు అందముగానే యుండును. దానిని నేసిన యింటి ఖాతాపుస్తకము ఆ దుప్పటిపై కనబడదు. అయినను ఏటేట నారళీ పూర్ణిమనాడు షోలాపూరు వీథులలో మార్కండేయ మహాముని రథమును లాగునప్పుడు, సాంచ గలవాడును సాంచపై కూలివాడును ఒకే పగ్గమును పట్టుకొందురు. మేము చూచితిమి.

'ఆంధ్రపత్రిక' 1991లో నిలిచిపోయినది. 'భారతి'యు ఆ యేడే. అమృతాంజనము మాత్రము నేటికిని అమ్ముడు పోవుచున్నది. మైలాపూరు లజ్ ప్రాంతమున పంతులుగారి పేరిట ఉద్యానవన మొకటి గలదు. ప్రాతఃకాలమున తమిళులును తెలుగువారును అందు నడచుచుందురు. బొంబాయిలో వారు కొలువు మానిన కార్యాలయమెచ్చట నుండెనో చూపు గుర్తు ఏదియు మా కంట పడలేదు. మొన్న ఇంట తలనొప్పికి డబ్బీ తెప్పించినప్పుడు, మూతపై పేరును మా మనుమడు మరాఠీ లిపిలో కూడబలుకుకొని చదివెను. ఇది మనవాడు చేసినదిరా అంటిమి. "మనవాడనగా?" అని వాడు అడిగెను. పై కథ నంతయు ఆ రాత్రి వానికి చెప్పితిమి. అందు కొంత ఇచ్చట వ్రాసితిమి.