పుట్టుమచ్చ, గుర్రం రంగు, ఒక డేటా గొడవ

మా తొండూరు బళ్ళో పదో తరగతి పరీక్షలకి నామినల్ రోల్స్ నింపే రోజున మా సారు అందర్నీ వరసలో నిలబెట్టి పుట్టుమచ్చలు రాసుకున్నారు. నాకు కుడి మోచేతి మీద ఒకటి రాశారు. అది సిరా మరక. ఇంటికెళ్ళి స్నానం చేస్తే పోయింది, సర్టిఫికెట్లో మాత్రం ఇప్పటికీ ఉంది :)

ఈమధ్య ఒక వెరిఫికేషన్లో "ఆ మచ్చ చూపించండి" అన్నారు. లేని మచ్చని ఎక్కణ్ణుంచి తేను? ఒంటి మీది గుర్తుల్ని పుస్తకంలో రాసిపెట్టే ఈ అలవాటు ఎక్కడిదా అని చదవడం మొదలుపెడితే చివరికి గుర్రాల దగ్గర తేలాను.

మా జిల్లాలోనే గండికోట ఉంది. దాన్నేలిన పెమ్మసాని నాయకులు విజయనగరానికి సామంతులు. ఆ రాజ్యానికి మేలుజాతి గుర్రాలు హోర్ముజ్ నుంచి ఓడల్లో వచ్చేవి. 1535 ప్రాంతంలో అక్కడున్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రెండు విషయాలు రాశాడు. సాళువ నరసింహుడి కాలంలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి కూడా డబ్బిచ్చేవారట, తోక తెచ్చి చూపిస్తే చాలు. తోకే ఇన్వాయిస్ అన్నమాట! తన కాలంలో రాజు నాయకులకిచ్చే గుర్రాలకి ముద్ర వేసేవారు. గుర్రం చస్తే ముద్ర ఉన్న చర్మం ముక్కని కోసి అశ్వశాల పెద్దకి చూపిస్తేనే ఇంకో గుర్రం ఇచ్చేవాళ్ళు. తోక ఏ గుర్రానిదో చెప్పలేం. ముద్ర ఉంటే అది రాజుగారిదని తెలుస్తుంది, అంతవరకే.

'ఏ గుర్రం' అన్న ప్రశ్నకి జవాబుగా ఇంగ్లండులో 1791లో వెదర్బీ కుటుంబం జనరల్ స్టడ్ బుక్ మొదలుపెట్టింది. మన మలక్‌పేట రేసుల్లో పరిగెత్తే థరోబ్రెడ్ గుర్రాల వంశావళి అంతా ఆ దారిలోనే నడుస్తుంది. మన దేశంలో పుట్టిన పిల్లల లెక్క పూణేలోని స్టడ్ బుక్ అథారిటీ చూస్తుంది. తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఆడా మగా, రంగు, ఒంటి గుర్తులు, ఇవీ కాలమ్స్. నుదుటి చుక్క, కాళ్ళ తెలుపుతో పాటు సుడులు కూడా బొమ్మ మీద గుర్తు పెడతారు. మనవాళ్ళు అదృష్టం చూసే సుడే అక్కడ గుర్తింపు కార్డు!

చిక్కంతా రంగు దగ్గరే. ఒళ్ళు గోధుమ ఎరుపుగా ఉండి, జూలు, తోక, కాళ్ళ కింది భాగం నల్లగా ఉంటే 'బే'. జూలు, తోకతో సహా ఎక్కడా నలుపు లేకుండా ఎర్రగా ఉంటే 'చెస్ట్‌నట్'. వినడానికి తేలికే. కానీ అప్పుడే పుట్టిన బే పిల్లకి కాళ్ళు నల్లగా ఉండకపోవచ్చు, పిల్లబొచ్చు రాలాకే అసలు రంగు బయటపడుతుంది. 'గ్రే' ఇంకా మోసం. పుట్టినప్పుడు ఎర్రగానో నల్లగానో ఉండి ఏళ్ళ మీద తెల్లబడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు కళ్ళ చుట్టూ తెల్లవెంట్రుకలు వెతుకుతారు, తల్లిదండ్రుల్లో ఒకటైనా గ్రే ఉందా అని చూస్తారు. మన భాషలో చెప్పాలంటే అదొక వాలిడేషన్ రూల్.

ఇలాంటి రూలు మీదే 1905 డిసెంబరులో లండన్ రాయల్ సొసైటీలో పెద్ద గొడవ జరిగింది. హర్స్ట్ అనే ఆయన స్టడ్ బుక్ పేజీలన్నీ వెతికి, చెస్ట్‌నట్‌కి చెస్ట్‌నట్‌కి పుట్టేది చెస్ట్‌నటే అని మెండెల్ సూత్రాన్ని గుర్రాల్లో చూపించాడు. కొన్ని మాత్రం కుదరలేదు. అవి నమోదులో తప్పులన్నాడు. వెల్డన్ ఒప్పుకోలేదు. సూత్రానికి కుదరని రికార్డులన్నీ తప్పులంటే ఇక ఏ సూత్రమైనా నిలుస్తుంది కదా అన్నది ఆయన పక్షం. ఆ పుస్తకాలు ముందేసుకుని ఒక్కో ఎంట్రీ తవ్వుతూ ఉండగానే 1906 ఏప్రిల్లో న్యుమోనియాతో పోయాడు. అప్పటికి 46 ఏళ్ళే.

సూత్రం విషయంలో హర్స్టే గెలిచాడు. చెస్ట్‌నట్‌కి కారణమైన జన్యుమార్పు 1996లో దొరికింది, గ్రేది 2008లో. అయినా నాకు వెల్డన్ మీదే గౌరవం ఎక్కువ. మనం ప్రొడక్షన్లో రోజూ చేసేదేమిటి? కోడ్‌కి కుదరని రో కనిపిస్తే 'బ్యాడ్ డేటా' అని ఫిల్టర్ చేసి టికెట్ మూసేస్తాం. ఆయన మాత్రం అది ఎవరు రాశారు, ఎప్పుడు చూసి రాశారు అని వెనక్కి వెళ్ళాడు.

ఇప్పుడు గుర్రప్పిల్లకి మైక్రోచిప్ ఉంది, తల్లిదండ్రుల్ని తేల్చే డీఎన్ఏ పరీక్ష ఉంది. అయినా రంగూ సుడీ రాయడం మానలేదు. గేటు దగ్గర నిలబడినవాడు యంత్రం లేకుండా చూడగలిగేది అదొక్కటే. కాకపోతే రంగు ప్రైమరీ కీ కాదని వాళ్ళకి తెలుసు. పిల్ల పెరిగాక రంగు మారితే రికార్డు దిద్దుతారు. నా మచ్చకి ఆ అవకాశం లేకపోయింది. 'సదరు మచ్చ కాలక్రమేణా మాసిపోయినది' అని సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టొచ్చాను. ఒక తప్పు ఎంట్రీని కాపాడటానికి ఇంకో అబద్ధం ఎంట్రీ! వెల్డన్ చూస్తే ఏమనేవాడో.

మీ పదో తరగతి సర్టిఫికెట్ ఒకసారి తీసి చూసుకోండి. ఆ మచ్చలు నిజంగా ఉన్నాయా?