ఎన్‌జీసీ 1300: చూసినవాళ్ళు, కొలిచినవాళ్ళు

ఎన్‌జీసీ 1300 ఫొటో మీరూ ఎక్కడో చూసే ఉంటారు. హబుల్ టెలిస్కోపు తీసిన ఆ బొమ్మలో నడిమధ్య ఒక పట్టీ, దాని రెండు కొసల నుంచి మెలితిరిగిన రెండు చేతులు. ఎరిడానస్ మండలంలో, మనకి సుమారు ఆరు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న సర్పిల గెలాక్సీ ఇది. 1835లో దక్షిణాఫ్రికా కేప్ నుంచి జాన్ హెర్షెల్ దీన్ని కనుగొన్నాడని పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఆ "కనుగొన్నాడు" అన్న మాటతోనే నాకు పేచీ.

హెర్షెల్ చూసింది ఒక మసక మచ్చని. నెబ్యులాల్లో సర్పిలాకారం ఉంటుందని ఐర్లండులో లార్డ్ రాస్ గుర్తించింది 1845లో, అదీ వేరే నెబ్యులాలో. అవి మన పాలపుంతకి బయట ఉన్న గెలాక్సీలని హబుల్ తేల్చేసరికి 1924 అయింది. అంటే ఈ "కనుగొనడం" పూర్తవడానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది.

ఆ తొంభై ఏళ్ళలో మన హైదరాబాదుకీ కాస్త చోటుంది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా తయారుచెయ్యాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, అబ్జర్వేటరీలకి వాటాలు పంచారు. మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చిన వాటా తర్వాత నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన సంస్థ అది. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న ఆకాశపు పట్టీ వాళ్ళది. ఎన్‌జీసీ 1300 ఉన్నది మైనస్ 19 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా ఆ పట్టీలోనే. పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ డైరెక్టర్లుగా ఉన్న కాలంలో, ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో తీసిన గాజు ప్లేట్ల మీద చుక్క తర్వాత చుక్కని కొలుచుకుంటూ పోయారు. ఆ కొలతలు తీసుకున్న సహాయకుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

డిసెంబరు రాత్రి తొమ్మిదింటికి శ్రీశైలంలో నిలబడితే ఆ చోటు దక్షిణాన 55 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కంటికి గెలాక్సీ ఆనదు. అయినా నల్లమల చీకట్లో అటు చూసినప్పుడల్లా నాకు హెర్షెల్ కంటే ముందు ఆ గుమాస్తాలే గుర్తొస్తారు.

వాళ్ళ కష్టం వృథా పోలేదు. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగులో పాతిక లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టడానికి ఉపగ్రహ కొలతల పక్కన పెట్టుకున్న పాత కొలతల్లో ఇవీ ఉన్నాయి. కదలిక తెలియాలంటే మొదట ఎక్కడుందో ఎవరో ఒకరు రాసి పెట్టి ఉండాలి కదా.